అంకెల సమాసమునకు విగ్రహవాక్యము: బి.సి. గణన భాషపై ఒక విమర్శ

తెలుగు గణిత పుస్తకములలో సంఖ్యలు, అక్షరములు, గుర్తులు కలిసి ఏర్పడు కూర్పును 'సమాసము' అందురు. వ్యాకరణములోను ఈ పేరే కలదు. ఈ పోలిక పేరుతోనే ముగియదు. వీధిలో 'కొత్త పుస్తకాల దుకాణం' అను పలకను చూచినవారికి రెండు అర్థములు తోచును. పుస్తకములు కొత్తవా? దుకాణము కొత్తదా? 'కొత్త' అను మాట ముందుగా దేనితో జతపడునో తెలిసినగాని అర్థము తేలదు. వ్యాకరణవేత్త అట్టి చోట విగ్రహవాక్యము చెప్పి సందేహము తీర్చును. గణితమునందు 2+3*4 అను సమాసమునకును ఇదే చిక్కు. 3 అను సంఖ్య ఎడమ నున్న 2తో ముందుగా కలిసినచో ఫలితము 20. కుడి నున్న 4తో ముందుగా కలిసినచో 14. రెండును అంకగణితమునకు విరుద్ధములు కావు. ఏది సరియైనదో నిర్ణయించునది ప్రకృతి కాదు, మనుష్యులు చేసికొన్న ఒప్పందము.

ఆ ఒప్పందము ఒక్కనాట కుదిరినది కాదు. 1489లో జర్మనీలో యోహన్ విడ్‌మాన్ అచ్చు వేయించిన వర్తక గణిత గ్రంథమున + , - గుర్తులు కనబడినవి. 1557లో ఇంగ్లండునందు రాబర్ట్ రికార్డ్ = గుర్తును ప్రవేశపెట్టెను. 1637లో డెకార్ట్ ఘాతాంకమును సంఖ్యకు పైన, కుడివైపున చిన్నదిగా వ్రాయు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చెను. గుర్తులు పెరిగిన కొలది ఏది ముందు, ఏది తరువాత అను నియమము అవసరమైనది. ఉన్నత పాఠశాల విద్యార్థులు 'బాడ్‌మాస్' అను పేర నేర్చుకొనునది ఈ నియమమునే: కుండలీకరణములు ముందు, పిదప ఘాతములు, ఆపై గుణకార భాగహారములు, చివరకు కూడికయు తీసివేతయు.

కాగితముపై వ్రాయు గణితమునకు ఒక సౌలభ్యము కలదు. చదువువాడు మనుష్యుడు. సందేహము కలిగినచో సందర్భమును చూచును, ఉపాధ్యాయుని అడుగును. యంత్రము అట్లు అడుగదు. దానికి ముందుగా చెప్పిన నియమము ప్రకారము సమాసమును విడదీసి, ఒక విలువ నిచ్చి ఊరకుండును. కావున యంత్రముచే లెక్కలు చేయించు ఏ చిన్న భాష నైనను విమర్శించునపుడు మూడు ప్రశ్నలు వేయవలెను. మనుష్యుడు ఒక సమాసమును చదివిన రీతినే యంత్రమును చదువుచున్నదా? చదువనిచో ఆ సంగతి హెచ్చరించుచున్నదా? దాని నియమములు గుర్తుంచుకొనదగినంత కొద్దిగా, ఒకదానితో నొకటి పొసగునట్లుగా ఉన్నవా? ఈ మూడు ప్రశ్నలను ఆసరాగా గొని పరీక్షింపదగిన భాషలలో 'బి.సి.' ఒకటి.

బి.సి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టినది. రాబర్ట్ మోరిస్, లొరిండా చెర్రీ దీని కర్తలు. 1975లో వెలువడిన యూనిక్స్ ఆరవ కూర్పులో ఇది చేరినది. 1991లో ఫిలిప్ నెల్సన్ వ్రాసిన గ్నూ రూపమువలన లినక్స్ యంత్రములలోను వ్యాపించినది. 1992 నాటి పోసిక్స్ ప్రమాణము దీని వ్యాకరణమును స్థిరపరచినది. యాబది యేండ్లు దాటినను ఇది మాసిపోలేదు. పేరు పిలిచి, సమాసమును వ్రాసి, మీట నొక్కినంతనే విలువ తరువాతి వరుసలో కనబడును. ముందుగా ఏమియు ప్రకటింప నక్కరలేదు. కూడికకు +, తీసివేతకు -, గుణకారమునకు *, భాగహారమునకు /, శేషమునకు %, ఘాతమునకు ^ గుర్తులు. చలరాశులకు అక్షరములు. ఒక తరగతి కాలములో నేర్చుకొనదగిన భాష.

దీని గుణములను ముందుగా చెప్పుట న్యాయము. మొదటిది, సంఖ్య ఎంత పెద్దదైనను ఇది వెనుదీయదు. 2^100 అని వ్రాసినచో 1267650600228229401496703205376 అని 31 అంకెలను తుదివరకు తప్పులేక ఇచ్చును. జేబు గణన యంత్రములు సాధారణముగా ఇట్టి చోట మొదటి కొన్ని అంకెలను చూపి, మిగిలినవానిని పదియొక్క ఘాతముగా మార్చివేయును. చదరంగపు గళ్ళలో వడ్ల గింజలను రెట్టింపు చేయు కథను చెప్పు ఉపాధ్యాయునకు ఇది చక్కని తోడు. రెండవది, ఇది దశాంశములను దశాంశములుగానే ఉంచుకొనును. .1+.2 అని అడిగినచో .3 అని ఇచ్చును. ద్విసంఖ్యామానములో భిన్నములను దాచుకొను అనేక భాషలు ఇదే ప్రశ్నకు 0.30000000000000004 అని జవాబు చెప్పుట ప్రసిద్ధము. మూడవది, ఘాతముపై ఘాతము వచ్చునపుడు ఇది గణితశాస్త్రజ్ఞుల సంప్రదాయమునే పాటించును. 2^3^2 అనగా 3 యొక్క వర్గము 9, 2 యొక్క 9వ ఘాతము 512. ఎక్సెల్ పట్టికలో ఇదే సమాసమును వ్రాసినచో ఎడమనుండి జతగూర్చి, 8 యొక్క వర్గమని 64 ఇచ్చును. ఈ విషయమున బి.సి.దే పైచేయి.

ఇక దోషములు. వానిలో విద్యార్థికి మొదట తగులునది ఋణ చిహ్నమునకు సంబంధించినది. బి.సి.లో -2^2 అని వ్రాసినచో 4 వచ్చును. పాఠ్యపుస్తకముల ప్రకారము రావలసినది -4. ఏలనగా బి.సి. నియమావళిలో ఒంటరిగా ముందు నిలుచు ఋణ చిహ్నము ఘాతముకంటె గట్టిగా అంటుకొనును. యంత్రము ముందుగా -2ను ఒక సంఖ్యగా చేసికొని, తరువాత దానిని వర్గము చేయుచున్నది. పాఠ్యపుస్తకము ముందుగా 2ను వర్గము చేసి, తరువాత ఋణము చేయుచున్నది.

దీనిని సమర్థించువారు లేకపోలేదు. -2 అనునది ఒక సంఖ్య పేరు, ఆ పేరును విడదీయరాదు, కావున దాని వర్గము 4 అని వారి వాదము. చూచుటకు ఇది సబబుగానే తోచును. కాని ఇదే భాషలో 0-2^2 అని వ్రాసి చూడవలెను. అపుడు -4 వచ్చును. ఒక సమాసమునకు ముందు సున్న చేర్చినంత మాత్రమున దాని విలువ మారరాదు, ఇచట మారుచున్నది. ఇంకను స్పష్టమైన ఉదాహరణము కలదు. 'క' అను చలరాశి విలువ 2 అనుకొనవలెను. 3-క^2 అని వ్రాసినచో -1 వచ్చును. రెండు పదములను తారుమారు చేసి -క^2+3 అని వ్రాసినచో 7 వచ్చును. కూడికలో పదముల క్రమము మారినను మొత్తము మారదని ఆరవ తరగతిలో నేర్చిన వినిమయ ధర్మము ఇచట కంటికి చెడినట్లు కనబడును. ధర్మము చెడలేదు, యంత్రము ఒకే గుర్తును రెండు చోట్ల రెండు బలములతో చదివినది. వర్గ సమాసముల రేఖాచిత్రములను గీయించు ఉపాధ్యాయునకు దీని పర్యవసానము తెలియును. ఋణ గుణకముగల పరావలయము క్రిందికి తెరచుకొనవలసినది, ఈ విలువలతో గీచినచో పైకి తెరచుకొనును. విద్యార్థి తన పటమును నమ్మవలెనా, తన పుస్తకమును నమ్మవలెనా?

ఈ దోషము బి.సి. ఒక్కదానిది కాదు. ఎక్సెల్ పట్టికయు -2^2కు 4 అనియే చెప్పును. ఫోర్ట్రాన్, పైథాన్ భాషలు మాత్రము తమ తమ ఘాత చిహ్నములతో -4 అని పుస్తకము వలెనే చెప్పును. కారణమును వెదకినచో అది వ్రాతలోనే కనబడును. డెకార్ట్ పద్ధతిలో ఘాతాంకము చిన్నదిగా, సంఖ్య భుజముపై ఎక్కి కూర్చుండును. అది దేనికి చెందినదో కన్నే చెప్పును. యంత్రపు మీటలతో వ్రాయునపుడు అన్ని గుర్తులు ఒకే వరుసలో, ఒకే పరిమాణములో నిలుచును. కంటికి ఆధారము పోయినది. ఆ లోటును నియమము తీర్చవలెను. ఇచట నియమము తీర్చక, కంటికి అలవాటైన దానికి ఎదురు నడచినది.

రెండవ దోషము ఇంతకంటె లోతైనది. బి.సి.లో 'స్కేల్' అను ఒక విశేష చలరాశి కలదు. భాగహారములో దశాంశ బిందువు తరువాత ఎన్ని అంకెలు ఉంచవలెనో అది చెప్పును. భాష మొదలైనపుడు దాని విలువ సున్న. అనగా 2/3 అని అడిగినచో 0 వచ్చును. స్కేల్ విలువను 2 చేసినచో .66 వచ్చును. పాఠశాలలో నేర్పినట్లు .67 రాదు, బి.సి. సవరింపదు, మిగిలిన అంకెలను తెగగొట్టును. ఇంతవరకు ఇది ఒక అలవాటు మాత్రమే. కాని ఈ తెగగొట్టుట సమాసము చివర ఒక్కసారి జరుగునది కాదు, ప్రతి భాగహారము వద్దను జరుగును. అందువలన స్కేల్ 2 ఉన్నపుడు 100*1/3 అని వ్రాసినచో 33.33 వచ్చును, 1/3*100 అని వ్రాసినచో 33.00 వచ్చును. రెండవ దానిలో మూడవ వంతు ముందుగానే .33గా కురచయై పోయినది. దానిని తరువాత నూరుతో గుణించినను పోయిన అంకెలు తిరిగి రావు.

దీని ఫలము ఎంతవరకు పోవునో చూచుటకు భాస్కరాచార్యుని లీలావతిలోని ఒక లెక్క తగిన పరీక్ష. 1150 ప్రాంతమున రచింపబడిన ఆ గ్రంథములో విలోమ విధికి ఉదాహరణముగా ఇచ్చిన లెక్క సారాంశ మిది: ఒక సంఖ్యను 3చే గుణించి, ఆ లబ్ధమునకు దానిలో ముప్పాతికను చేర్చి, 7చే భాగించి, భాగఫలములో మూడవ వంతును తీసివేసి, మిగిలిన దానిని వర్గము చేసి, 52ను తీసివేసి, వర్గమూలము కనుగొని, 8 కలిపి, 10చే భాగించగా 2 వచ్చినది, ఆ సంఖ్య యెంత? జవాబు 28. సరిచూచుట సులభము. 28ని మూడింతలు చేయగా 84, ముప్పాతిక చేర్చగా 147, ఏడవ వంతు 21, మూడవ వంతు పోగా 14, వర్గము 196, 52 పోగా 144, వర్గమూలము 12, ఎనిమిది కలుపగా 20, పదవ వంతు 2.

ఈ లెక్కను ఒక విద్యార్థి బి.సి.తో సరిచూచుచున్నాడనుకొనవలెను. స్కేల్ సంగతి తెలియక, ముప్పాతికను 3/4*84 అని వ్రాసినాడు. 3/4 విలువ 0 అగుటచే చేర్చవలసిన 63 పోయి 0 చేరినది. 84 అట్లే నిలిచి, ఏడవ వంతు 12 అయినది. మూడవ వంతును 1/3*12 అని వ్రాయగా అదియు 0. 12 యొక్క వర్గము 144, 52 పోగా 92, దాని వర్గమూలము పూర్ణాంకముగా తెగి 9, ఎనిమిది కలుపగా 17, పదిచే భాగింపగా 1. భాస్కరుడు 2 అనెను. యంత్రము 1 అన్నది. మధ్యలో ఎక్కడను ఒక హెచ్చరిక లేదు. ఇదే లెక్కలో 84*3/4 అనియు, 12*1/3 వంటి చోట గుణకారము ముందుగా ఉంచియు వ్రాసినచో అన్ని మెట్లు సరిగా వచ్చి 2 తేలియుండును. గణితమున సమానములైన రెండు వ్రాతలు యంత్రమున సమానములు కాకపోయినవి.

స్కేల్ విలువను 2 చేసి మరల చేయగా ఏమగునో చూచుట ఇంకను బోధకరము. ముప్పాతిక .75గా సరిగా వచ్చి, 147.00, దాని ఏడవ వంతు 21.00 వచ్చును. కాని మూడవ వంతు .33 అగుటచే తీసివేయవలసిన 7 బదులు 6.93 పోయి 14.07 మిగులును. వర్గము 197.96, 52 పోగా 145.96, వర్గమూలము 12.08, ఎనిమిది కలుపగా 20.08. చివరకు పదిచే భాగింపగా 2.008 రావలసినది, రెండు అంకెలకు తెగి 2.00 వచ్చును. అనగా మధ్య మెట్లన్నియు తప్పై, తుది జవాబు మాత్రము సరిపోయినది. ఒక తెగగొట్టుట చేసిన తప్పును మరియొక తెగగొట్టుట కప్పివేసినది. ఉపాధ్యాయులకు ఇట్టి జవాబు పత్రములు క్రొత్త కావు. తప్పు జవాబు విద్యార్థిని మరల ఆలోచింపజేయును. తప్పుదారిని వచ్చిన సరియైన జవాబు ఆలోచనను ఆపివేయును. కావున రెండవదే ఎక్కువ ప్రమాదకరము.

స్కేల్ ప్రభావము శేషమును కనుగొను % గుర్తుపై వింతగా పడును. మామూలుగా 7%3 అనగా 1. కాని బి.సి.ని గణిత గ్రంథాలయముతో కలిపి తెరచినచో స్కేల్ తనంతట 20 అగును. అపుడు 7%3 విలువ దశాంశ బిందువు తరువాత పందొమ్మిది సున్నలు, వాని పిదప ఒక 1. ఇది యంత్రము చెడి పలికినది కాదు. శేషమనగా భాజ్యమునుండి భాగఫల భాజకముల లబ్ధమును తీసివేయగా మిగిలినది. భాగఫలమును ఇరువది దశాంశ స్థానముల వరకు తీసినచో మిగులునది అంతే. నిర్వచనము నిలిచినది, ప్రయోజనము పోయినది. సరి బేసి సంఖ్యలను వేరుచేయుటకు % గుర్తును నమ్ముకొన్న విద్యార్థికి 7%2 మాత్రము 0 అని కనబడి, 7 సరి సంఖ్యగా తేలును, ఏలనగా 3.5 అను భాగఫలము పూర్తిగా తెగిపోవుటచే శేషమే మిగులదు. సైన్, కొసైన్ వంటి ఫలములు కావలెనన్నచో ఈ గ్రంథాలయమునే తెరువవలెను. ఒక సౌకర్యమును కోరినవానికి మరియొక గుర్తు అర్థము మారి ఇచ్చుట మంచి పద్ధతి కాదు.

ఆ గ్రంథాలయముతోనే పై విలువను రాబట్టుట వాడుక. 1 యొక్క విలోమ టాంజెంటును నాలుగుచే గుణించినచో 3.14159265358979323844 అని వచ్చును. పై యొక్క నిజమైన అంకెలు ఆ చోట 46తో ముగియును, 44తో కాదు. పైలో నాలుగవ వంతు ఇరువది స్థానములకు తెగి, ఆ చిన్న కొరత నాలుగింతలైనది. ఇరువది స్థానములు అడిగినచో ఇరువదియు నమ్మదగినవని భావింపరాదని, కావలసిన దానికంటె నాలుగైదు స్థానములు ఎక్కువగా తీసి తుదిలో విడువవలెనని ఇది నేర్పును. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సార్థక అంకములను గురించి చెప్పు పాఠమునకు ఇంతకంటె చేరువ ఉదాహరణము దొరకదు.

అయితే కలవరపెట్టిన ప్రతిదియు దోషము కాదు. బి.సి.లో సంఖ్యలను ఏ మానములో చదువవలెనో 'ఐబేస్' అను చలరాశి చెప్పును. ఐబేస్=2 అని వ్రాసి 1101 అని ఇచ్చినచో 13 వచ్చును. పని ముగిసి దశమానమునకు మరలుటకు ఐబేస్=10 అని వ్రాసినవాడు ఆశ్చర్యపడును; ఏ మార్పును కలుగదు. ఏలనగా యంత్రము అప్పటికే ద్విసంఖ్యామానములో చదువుచున్నది. ఆ మానములో 10 అనగా రెండే. మరలవలెనన్నచో ఐబేస్=1010 అని వ్రాయవలెను. ఇచట భాష తన నియమమును ఎవరికొరకును సడలింపలేదు. '10' అను వ్రాత పది అను సంఖ్య కాదు, ఏ మానములోనైన ఆ మానపు ఆధారమునకు పేరు అను సత్యమును ఇది ఒక్క దెబ్బతో బోధించును. ఋణ చిహ్నము విషయమున భాష తనతో తానే విభేదించినది. ఐబేస్ విషయమున మన అజాగ్రత్తతో మాత్రమే విభేదించినది. విమర్శకుడు ఈ రెంటిని ఒకే గాటకట్టరాదు.

తొలి బి.సి.లో ఉండి, తరువాత దిద్దబడిన ఒక లోపమును కూడ చెప్పవలెను. ఒక చలరాశినుండి కొంత తీసివేసి అందులోనే ఉంచుటకు ఆనాడు =- అను జంట గుర్తును వాడిరి. అందువలన క=-1 అని ఎడము లేక వ్రాసినచో 'క'నుండి 1 తీసివేయుమని అర్థము; సమాన చిహ్నము తరువాత కొంచెము ఎడము విడిచినచో 'క' విలువ -1 అని అర్థము. కనబడని ఖాళీ చోటు అర్థమును మార్చుచుండెను. కర్తలు తమ వివరణ పత్రములోనే దీనిని గురించి హెచ్చరించిరి. పిదప సి భాషలో వలెనే ఇచటను ఆ గుర్తును తిరుగవేసి -= చేసిరి. సందేహము తొలగినది. హెచ్చరిక వ్రాయవలసి వచ్చిన చోట నియమమును మార్చుటయే మేలని దీనివలన తెలియుచున్నది. ఋణ చిహ్నము బలమును కూడ అట్లే దిద్దియుండవలసినది. కాని అప్పటికే వ్రాయబడిన లెక్కలు చెడునను భయమున ప్రమాణము దానిని అట్లే నిలిపినట్లు తోచుచున్నది.

ఈ చిక్కులన్నిటికి మూలము ప్రాథమ్య నియమములే గదా, అవి లేకుండ భాష నిర్మింపవచ్చునా అని ప్రశ్న రాక తప్పదు. జవాబు బి.సి. ఇంటిలోనే కలదు. దానికంటె ముందు ఆ కర్తలే 'డి.సి.' అను మరియొక భాషను నిర్మించిరి. తొలి బి.సి. తనకిచ్చిన సమాసమును డి.సి. రూపములోనికి మార్చి దానిచేతనే లెక్క చేయించెడిది. డి.సి.లో సంఖ్యలు ముందు, గుర్తు తరువాత. 2+3*4 అను దానిని అచట 2 3 4 * + అని వ్రాయవలెను. ముందుగా 20 రావలెనన్నచో 2 3 + 4 * అని వ్రాయవలెను. కుండలీకరణములు అక్కరలేదు, ప్రాథమ్య నియమము అక్కరలేదు, రెండర్థములకు తావు లేదు. ఋణ సంఖ్యకు తీసివేత గుర్తును వాడక, _2 అని అడుగు గీతతో వేరుగా వ్రాయుదురు. బి.సి.ని బాధించిన చిక్కు డి.సి.లో పుట్టనే లేదు. గుర్తును సంఖ్యలకు ముందుంచి కుండలీకరణములను తొలగించు పద్ధతిని 1924లో పోలండు తర్కశాస్త్రజ్ఞుడు యాన్ లుకాషెవిచ్ కనుగొనెను. డి.సి. పద్ధతి దానికి తిరుగుడు రూపము.

ఇంగ్లీషు వాక్యమునకు అలవాటుపడినవారికి ఈ క్రమము తలక్రిందులుగా తోచును. తెలుగువానికి అట్లు తోచ నక్కరలేదు. తెలుగున క్రియ వాక్యాంతమున వచ్చును. 'రెండుకు మూడును కలుపుము' అనునపుడు రెండు ముందు, మూడు తరువాత, కలుపుట చివర. భాస్కరుని లెక్కయు సంఖ్యను చెప్పి, దానిని ఏమి చేయవలెనో ఒకదాని వెంట నొకటి చెప్పుచు పోవును. దానిని డి.సి.లో వ్రాయుటకు సమాసమును కూర్చ నక్కరలేదు, విన్న వరుసనే వ్రాసికొని పోవచ్చును. అయినను డి.సి. సామాన్య వాడుకకు రాలేదు. దానిలో వ్రాసిన పొడుగైన సమాసమును పదిరోజుల తరువాత చదివినచో ఏ గుర్తు ఏ సంఖ్యలకు చెందినదో వ్రేళ్ళపై లెక్కింపవలెను. యంత్రమునకు సందేహము లేకుండుట ఒకటి, మనుష్యునకు చదువ వీలుగా నుండుట మరొకటి. బి.సి. రెండవ దానిని కోరి మొదటి దానిలో కొంత వదులుకొన్నది. ఆ బేరము మొత్తముమీద మంచిదే. వదులుకొన్నది ఎంతయో వాడువారికి చెప్పకుండుటయే తప్పు.

కావున తీర్పు ఇట్లు చెప్పవచ్చును. పెద్ద పూర్ణాంకములకును, దశాంశముల నిక్కచ్చితనమునకును, మానముల మార్పునకును బి.సి. పాఠశాలకు తగిన భాష. ఋణ చిహ్నము విషయమున పుస్తకముతో విభేదించుట దాని స్పష్టమైన దోషము. భిన్నములను మొదటనే సున్న చేయుట అంతకంటె పెద్ద దోషము. మొదటి దానిని ఒక్కసారి చూచినవాడు గుర్తుంచుకొనును, రెండవది ప్రతి లెక్కలోను కొత్త వేషముతో వచ్చును. ఈ రెంటికంటె మించినది దాని మౌనము. తప్పు గుర్తును వ్రాసినచో ఇది తప్పని చెప్పును. తప్పు అర్థము వచ్చునట్లు వ్రాసినచో ఏమియు చెప్పదు.

తరగతిలో దీనిని వాడు ఉపాధ్యాయులు నాలుగు అలవాట్లు చేయించినచో ఈ దోషములు చాలవరకు హానిచేయవు. ఋణ సంఖ్యను ఘాతమునకు ఎక్కించునపుడు కుండలీకరణములు తప్పక వేయించవలెను. -(2^2) కావలెనా, (-2)^2 కావలెనా విద్యార్థియే నిర్ణయింపవలెను. భాగహారమును ఎప్పుడును గుణకారము తరువాతనే చేయించవలెను. స్కేల్‌ను కావలసిన దానికంటె కొన్ని స్థానములు ఎక్కువగా పెట్టించవలెను; పూర్ణాంకముల శేషము కనుగొనునపుడు మాత్రము దానిని మరల సున్న చేయించవలెను. అన్నిటికి మించి, యంత్రమును తాకక మునుపే విద్యార్థిచేత జవాబు సుమారుగా ఎంత యుండునో పలుక మీద వ్రాయించవలెను. ముప్పాతిక చేర్చిన తరువాత 84 పెరుగకుండ అట్లే ఉన్నదని గమనించిన బాలుడు యంత్రము చెప్పిన 1ని నమ్మడు. సమాసమునకు విగ్రహవాక్యము చెప్పగలిగినవానికి యంత్రము మంచి పనివాడు. చెప్పలేనివానికి అది తన విగ్రహమునే చెప్పి, దానినే అతని జవాబుగా అప్పగించును.